దక్షిణ తెలంగాణ మెట్టసీమ: జిల్లాల మధ్య ఉత్పత్తి అంతరాలు

ఒక దేశంలోనైనా రాష్ట్రంలోనైనా ఏడాదిలో తయారయ్యే సరుకుల విలువ, సేవల విలువ అన్ని ప్రాంతాల్లో సమానంగా ఉండవు. ఈ తేడాలనే ప్రాంతీయ ఉత్పత్తి అంతరాలు అంటారు. తెలంగాణలో అవి ఎంత లోతుగా ఉన్నాయో మూసీ నది వెంట నడిచినవారికి తెలుస్తుంది. వికారాబాద్ జిల్లా అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాలు దాటి, యాదాద్రి భువనగిరి మీదుగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది పుట్టిన జిల్లా తలసరి ఆదాయంలో రాష్ట్రంలోనే అట్టడుగు వరుసలో ఉంది. అక్కడి నుంచి అది అడుగుపెట్టే పొరుగు జిల్లా రంగారెడ్డి అదే వరుసలో అందరికన్నా పైన ఉంది. హైదరాబాద్ దాటాక మూసీ నగరపు మురుగును మోసుకుంటూ మళ్లీ మెట్ట పొలాల్లోకి దిగుతుంది. ఆ మెట్టసీమలోనే, మూసీకి ఉత్తరాన, బిక్కేరు వాగు పరీవాహకంలో మోత్కూర్ ఉంది.

పాత నల్లగొండ జిల్లాలో భాగమైన మోత్కూర్ 2016 అక్టోబరు 11న యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. అప్పుడే మండలాన్ని చీల్చి అడ్డగూడూరు మండలం ఏర్పాటు చేశారు. 2018లో మోత్కూర్ మున్సిపాలిటీ అయింది. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల లోపే ఉన్నా ఇక్కడి బతుకుతెరువు ప్రధానంగా వడ్లు, పత్తి, కందులు, పాడి, చేతిపనుల మీదే నడుస్తోంది. ఇంత దగ్గరి రెండు చోట్ల మనిషి శ్రమకు దక్కే విలువలో ఇంత తేడా ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు నీటిలో, దారిలో, చరిత్రలో, కొంత లెక్క కట్టే పద్ధతిలో కూడా దొరుకుతుంది.

లెక్క కట్టే తీరు

రాష్ట్రం మొత్తం ఉత్పత్తిని రాష్ట్ర స్థూల ఉత్పత్తి అని, జిల్లా వరకు కట్టిన లెక్కను జిల్లా స్థూల ఉత్పత్తి అని పిలుస్తారు. తెలంగాణలో ఈ పని అర్థగణాంక శాఖది. పంటల విలువను సాగు విస్తీర్ణం, దిగుబడి, ధరల ఆధారంగా జిల్లాలోనే కడతారు. కార్ఖానాల ఉత్పత్తికి పరిశ్రమల వార్షిక సర్వే ఆధారం. బ్యాంకుల సేవలకు ఆ జిల్లాలోని డిపాజిట్లు, అప్పులు ఆధారం. వ్యాపారం, రవాణా, చిన్నాచితకా సేవల విషయంలో జిల్లావారీ సమాచారం సరిగా దొరకదు. అందుకే రాష్ట్రం మొత్తాన్ని పనివారి సంఖ్యను బట్టి జిల్లాలకు పంచుతారు.

ఇందులో సామాన్య పాఠకుడు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. జిల్లా లెక్క ఆదాయం పుట్టిన చోటును చూస్తుంది. అది చివరికి ఎవరి చేతికి, ఏ ఊరికి చేరిందన్నది దానికి పట్టదు. ఉప్పల్‌లో ఉండి గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే వ్యక్తి సృష్టించిన విలువ రంగారెడ్డి ఖాతాలో పడుతుంది, అతని ఇల్లు మాత్రం మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంటుంది. మోత్కూర్ నుంచి వెళ్లి నగర శివారులో తాపీ పని చేసే మేస్త్రీ కట్టిన గోడ విలువ కూడా ఆ శివారుదే. అతను ఇంటికి పంపే డబ్బు మోత్కూర్ దుకాణాల్లో ఖర్చయినప్పుడు మాత్రమే, అదీ కొంత, సొంత జిల్లా లెక్కలోకి వస్తుంది.

అంకెలు

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తర్వాత మొదటి ఆర్థిక సంవత్సరం 2014-15లో రాష్ట్ర స్థూల ఉత్పత్తి ప్రస్తుత ధరల్లో సుమారు 5 లక్షల కోట్ల రూపాయలు. ముందస్తు అంచనాల ప్రకారం 2024-25 నాటికి అది 16 లక్షల కోట్లు దాటింది. తలసరి ఆదాయం సుమారు 1.24 లక్షల నుంచి 3.79 లక్షల రూపాయలకు పెరిగింది. 2024లో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి వెలువరించిన అధ్యయనం తెలంగాణ తలసరి ఆదాయాన్ని జాతీయ సగటుకు 193.6 శాతంగా లెక్కించింది. రాష్ట్రాల వరుసలో ఇది గర్వపడాల్సిన స్థానమే.

జిల్లాల వరుస మాత్రం వేరే సంగతి చెబుతుంది. 2022-23 లెక్కల్లో రంగారెడ్డి తలసరి ఆదాయం 9 లక్షలు దాటింది. హైదరాబాద్ జిల్లాది 5 లక్షలకు దగ్గరగా ఉంది. వికారాబాద్‌ది 2 లక్షల లోపే. పక్కపక్కన ఉన్న రంగారెడ్డి, వికారాబాద్‌ల మధ్య తేడా దాదాపు అయిదు రెట్లు. దేశ సగటుకు దాదాపు రెట్టింపు ఆదాయమున్న రాష్ట్రంలో, రాజధానికి దగ్గర్లోనే ఉన్న జిల్లా దేశ సగటు దగ్గరే ఆగిపోయింది. రంగారెడ్డి, హైదరాబాద్, మేడ్చల్–మల్కాజిగిరి ఈ మూడు జిల్లాలే రాష్ట్ర ఉత్పత్తిలో 40 శాతానికి పైగా ఇస్తున్నాయి. మిగిలిన వాటాను 30 జిల్లాలు పంచుకోవాలి.

రంగాల వారీగా చూస్తే కారణం తేటపడుతుంది. రాష్ట్ర ఉత్పత్తిలో మూడింట రెండు వంతులు సేవల నుంచి వస్తుంది. వ్యవసాయం, పాడి, చేపల పెంపకం అన్నీ కలిపినా వాటా ఆరో వంతుకు కాస్త అటూ ఇటూ. కానీ పని చేసేవారిలో 40 శాతానికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారు. అంటే పనివారిలో సగానికి దగ్గరగా ఉన్నవారు ఆరో వంతు సంపదను పంచుకుంటున్నారు. మోత్కూర్ లాంటి మండలాలు దాదాపు పూర్తిగా ఈ గుంపులోనివే.

సరిహద్దు మారితే సగటు మారుతుంది

హైదరాబాద్ జిల్లాలోని గ్రామీణ ప్రాంతాలను వేరు చేసి 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లాను ఏర్పాటు చేశారు. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు తాండూరు, పరిగి పల్లెలు, మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ భవనాలు ఒకే జిల్లా. అందుకే సగటులో పరిగి పేదరికం కనిపించేది కాదు. 2016లో వికారాబాద్‌ను విడదీయడంతో అప్పటిదాకా అంకెల చాటున ఉన్న వెనుకబాటు బయటపడింది. ఆ ఏడాది కొత్తగా పేదరికం పుట్టలేదు, ఉన్నది లెక్కకెక్కింది.

పాలమూరు విషయంలో దీనికి విరుద్ధమైన పరిణామం జరిగింది. పాలమూరుగా పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో రాజధానికి దగ్గరగా, పరిశ్రమలతో ఎదుగుతున్న షాద్‌నగర్, కొత్తూరు ప్రాంతం 2016లో రంగారెడ్డిలో కలిసింది. ఆమనగల్లు, కడ్తాల్ వైపు మండలాలు కూడా అటే వెళ్లాయి. మిగిలిన జిల్లాలో చాలా భాగం మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాలగా చీలింది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. కొత్తూరు కార్ఖానాల విలువ ఇప్పుడు రంగారెడ్డి పేరిట పెరుగుతోంది, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీల విలువ మహబూబ్‌నగర్‌లో మిగిలింది. కర్ణాటక సరిహద్దులోని నారాయణపేటకు చేనేత చీరల పేరుంది గానీ చెప్పుకోదగ్గ పెద్ద పరిశ్రమ లేదు. జిల్లాల ఆదాయ పట్టికల్లో దాని పేరు తరచూ చివరి వరుసల్లోనే ఉంటోంది.

పాత నల్లగొండ నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ రెండు ముఖాలున్నాయి. చౌటుప్పల్, బీబీనగర్, భూదాన్ పోచంపల్లి వైపు విజయవాడ, వరంగల్ జాతీయ రహదారుల వెంట కార్ఖానాలు, గోదాములు, వెంచర్లు వచ్చాయి. దండుమల్కాపురంలో చిన్న పరిశ్రమల పార్కు 2019లో మొదలైంది. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. యాదగిరిగుట్ట ఆలయం పునర్నిర్మాణం తర్వాత 2022 మార్చి 28న తెరుచుకుని, చుట్టూ వ్యాపారం పెంచింది. జిల్లా తూర్పు కొసన ఉన్న గుండాల, మోత్కూర్, అడ్డగూడూరు మండలాలకు వీటిలో ఏదీ నేరుగా చేరలేదు. జిల్లా సగటు పెరిగితే ఆ పెరుగుదల తూర్పు మండలాలది కూడా అన్న భ్రమ కలుగుతుంది.

చరిత్ర వేసిన పునాది

నిజాం పాలనలో 1929లో పారిశ్రామిక నిధి ఏర్పాటైన తర్వాత పెద్ద కార్ఖానాలు కొన్ని లేచాయి. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్‌లో కాగితం మిల్లు వచ్చాయి. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు అప్పటికే ఉంది. రాజధానిలో ఆజమాబాద్, సనత్‌నగర్ పారిశ్రామికవాడలు వెలిశాయి. ఈ జాబితాలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పేర్లు వెతికినా కనిపించవు. స్వాతంత్ర్యానంతరం వచ్చిన బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, ఐడీపీఎల్, ఈసీఐఎల్ అన్నీ హైదరాబాద్ చుట్టూనే స్థిరపడ్డాయి. వాటి నుంచి బయటికొచ్చిన ఇంజినీర్లు, రసాయన నిపుణులే తర్వాతి తరం ప్రైవేటు కంపెనీలకు పునాది అయ్యారు. మొదట పరిశ్రమ పడిన చోటుకే తర్వాతి పరిశ్రమ వచ్చింది. స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ 1950లలోనే ఈ తీరును వివరించాడు: ఎదిగే కేంద్రం చుట్టుపక్కల నుంచి చదువుకున్నవారిని, పెట్టుబడిని, వ్యాపారాన్ని లాక్కుంటుంది, అందువల్ల చుట్టుపక్కల ప్రాంతాలు మరింత వెనకబడతాయి.

భూమి చరిత్ర కూడా ఇందులో భాగమే. నల్లగొండ జిల్లాలో దొరల చేతుల్లో వేల ఎకరాలు పోగుపడి, వెట్టిచాకిరి బలంగా సాగింది. 1946 నుంచి 1951 వరకు నడిచిన రైతాంగ సాయుధ పోరాటానికి ఈ జిల్లా కేంద్రాల్లో ఒకటి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమం పోచంపల్లిలో మొదలైందీ ఈ నేలమీదే. పోరాటం తర్వాత భూమి చాలామంది చేతికి వచ్చినా, దానికి నీళ్లు రావడానికి మరిన్ని దశాబ్దాలు పట్టింది. కొన్ని చోట్లకు ఇప్పటికీ రాలేదు.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఈ రెంటినీ కలిపింది. మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్ వంటి సంస్థలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు వచ్చాయి. వీటిలో చాలా భాగం హైదరాబాద్ జిల్లాలో కాక రంగారెడ్డి జిల్లా పరిధిలో ఉంది. నగరం పేరు హైదరాబాద్‌దైనా, ఉత్పత్తి పట్టికలో రంగారెడ్డి మొదటి స్థానంలో నిలవడానికి ఇదే కారణం.

నీళ్లు గీసిన గీత

పాత నల్లగొండలో సంపన్న, నిరుపేద ప్రాంతాలను విడదీసే గీత నాగార్జునసాగర్ ఎడమ కాలువ. సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ ఆయకట్టులో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పొలాలయ్యాయి. వడ్లతో పాటు మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణంగా దేశమంతా పేరు తెచ్చుకుంది. కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఉండటంతో వాడపల్లి, మట్టపల్లి వైపు సిమెంటు కార్ఖానాలు నిలిచాయి. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం వచ్చింది.

అదే జిల్లాలో కాలువకు పైనున్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ పల్లెలు బోరునీళ్ల మీదే బతికాయి. రాతి పొరల్లోంచి వచ్చే ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎముకలను వంకర చేసింది. ఈ జిల్లాలో ఫ్లోరోసిస్‌ను దశాబ్దాల క్రితమే గుర్తించారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు ప్రపంచమంతా స్థిరపడింది. నడుము వంగిపోయిన మనిషి పొలం పని చేయలేడు, కూలికి పోలేడు. ఒక తరం పనిశక్తే తరిగిపోతే ఆ నష్టం ఏ జిల్లా ఉత్పత్తి పట్టికలోనూ విడిగా కనిపించదు. మిషన్ భగీరథ పైపుల ద్వారా నదీజలం ఊళ్లకు చేరాక తాగునీటి కష్టం చాలావరకు తీరింది. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కాలేదు.

ఈ కథలో బాధ కలిగించే మలుపు మరొకటుంది. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరు ద్వారా 2004 నుంచి హైదరాబాద్ దాహం తీరుస్తున్నాయి. దారిలో ఉన్న మెట్ట పల్లెలకు సాగునీరు ఇవ్వాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లది. 2005లో ఒప్పందం కుదిరిన ఆ పని రెండు దశాబ్దాలైనా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు.

పాలమూరు దుస్థితి ఇంకా కఠినం. కృష్ణ, తుంగభద్ర రెండూ జిల్లా అంచునే పారుతున్నా వాటి నీళ్లు పొలానికి ఎక్కేవి కావు. పొలాలు ఎత్తున, నదులు పల్లంలో ఉండటమే దానికి కారణం. 87,500 ఎకరాలకు నీరందించాల్సిన రాజోలిబండ మళ్లింపు పథకం అలంపూర్, గద్వాల ప్రాంతంలో ఏనాడూ పూర్తి వాటా ఇవ్వలేదు. ఎత్తిపోతలే దిక్కయ్యాయి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా పథకాల పంపులు తిరిగాక కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు వరి, వేరుశనగ సాగు పెరిగింది. పాలమూరు–రంగారెడ్డి పథకానికి 2015 జూన్ 11న శంకుస్థాపన జరిగింది, 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్ దగ్గర మొదటి పంపు నడిచింది. పొలాలకు నీళ్లు మోసే కాలువల పని ఇంకా మిగిలే ఉంది.

మోత్కూర్ మెట్ట

మోత్కూర్ చుట్టూ ఎర్ర చెల్కలు, దుబ్బ నేలలు ఎక్కువ. ఒకప్పుడు జొన్న, ఆముదం, కంది, వేరుశనగ పండేవి. ఇప్పుడు నీళ్లున్న చోట వరి, లేని చోట పత్తి. చెరువులు, కుంటలు నిండితే బోర్లలో నీళ్లుంటాయి. వాన ముఖం చాటేస్తే బోర్లు ఎండుతాయి, అప్పులు పెరుగుతాయి. మూసీ నీటిని భువనగిరి, వలిగొండ మీదుగా ఇటు తేవాల్సిన బునాదిగాని కాలువ, కాళేశ్వరం పథకంలో భాగంగా కట్టిన బస్వాపూర్ రిజర్వాయరు ఈ మండలాల రైతులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న పనులు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. అదే ఏడాది రైతుబంధు పెట్టుబడి సాయం మొదలైంది. వీటితో వరి సాగు ఊపందుకుంది. అయినా ఎకరా పత్తి మీద వచ్చే రాబడి వాన, పురుగు, ధర అనే మూడింటికీ లోబడే ఉంది.

మార్కెట్ యార్డు, ఐకేపీ కొనుగోలు కేంద్రాలతో మోత్కూర్ చుట్టుపక్కల ఊళ్లకు వ్యాపార కూడలి. అయితే ఇక్కడ పండినది ఎక్కువగా ముడిసరుకుగానే వెళ్లిపోతుంది. పత్తి బేళ్లయి, నూలయి, బట్టయ్యే కొద్దీ విలువ పెరుగుతుంది, ఆ పెరుగుదల దూరపు జిల్లాలకు, ఇతర రాష్ట్రాలకు దక్కుతుంది. పాల సంగతీ ఇలాగే ఉంది. నల్లగొండ–రంగారెడ్డి పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం ఊరూరా పాలు సేకరించి హయత్‌నగర్ డెయిరీకి చేరుస్తుంది. గేదెను మేపి పాలు పిండిన శ్రమ విలువ యాదాద్రి లెక్కలో ఉంటుంది. ప్యాకెట్, పెరుగు, నెయ్యిగా మారినప్పుడు కలిసే విలువ రంగారెడ్డి లెక్కలో చేరుతుంది. సహకార సంఘం కాబట్టి రైతుకు కొంత వాటా తిరిగి వస్తుంది. ప్రైవేటు వ్యాపారంలో ఆ భరోసా లేదు.

విలువను ఊళ్లోనే నిలుపుకోవచ్చని చూపే ఉదాహరణ కూడా ఇదే జిల్లాలో ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో దక్కింది. దారానికి చిటికి కట్టి, రంగద్ది, నేసే దాకా పని అంతా ఊళ్లోనే జరుగుతుంది, పేరు కూడా ఊరిదే. నేతగాళ్ల కూలి ఇప్పటికీ తక్కువే అయినా, ముడిసరుకు అమ్మే ఊరికీ తయారైన సరుకు అమ్మే ఊరికీ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

రైలు లేకపోవడం మరో లోటు. సికింద్రాబాద్–కాజీపేట లైను భువనగిరి, ఆలేరు మీదుగా పోతుంది, మోత్కూర్‌ను తాకదు. గౌరెల్లి నుంచి వలిగొండ, తొర్రూరు మీదుగా కొత్తగూడెం వైపు ప్రకటించిన జాతీయ రహదారి ఈ మెట్ట ప్రాంతానికి కొత్త ఆశ. రోడ్డు సరుకును బయటికి తీసుకుపోయినంత తేలికగా పరిశ్రమను లోపలికి తీసుకురాదు. దానికి గిడ్డంగి, శీతల గిడ్డంగి, మిల్లు, నైపుణ్య శిక్షణ వంటివి రోడ్డుతో పాటే రావాలి.

చెమట ఒకచోట, లెక్క మరోచోట

పాలమూరు కూలీల పేరు వినని ఆనకట్ట దేశంలో అరుదు. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి, కుటుంబాలకు కుటుంబాలను లారీల్లో తీసుకెళ్లి, కాలువ తవ్వకం, రాళ్ల పని, రోడ్డు పనుల్లో నెలల తరబడి ఉంచేవాడు. నాగార్జునసాగర్ మొదలు దేశమంతటా ప్రాజెక్టుల్లో వాళ్ల శ్రమ ఉంది. తర్వాతి కాలంలో ముంబై, పుణె, బెంగళూరు, హైదరాబాద్ భవన నిర్మాణాల్లోకి వెళ్లారు. సొంత జిల్లాలో నీళ్లు లేక ఊరు విడిచిన మనుషులు ఇతర జిల్లాలకు నీళ్లిచ్చే కాలువలు తవ్వారు. ఆ కాలువల కింద పండిన పంట విలువ ఆయా జిల్లాల ఖాతాలోకి చేరింది. పిల్లలు తల్లిదండ్రుల వెంటే వెళ్లడంతో బడి ఆగిపోయేది. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, తెలంగాణ జిల్లాల్లో అదే అత్యల్పం. అప్పుడు హైదరాబాద్‌ది 83 శాతం.

నల్లగొండ, కరీంనగర్, వరంగల్ నుంచి పద్మశాలీలు తరాల క్రితమే షోలాపూర్, భివండీ వెళ్లారు. షోలాపూర్ దుప్పటి, భివండీ మరమగ్గాల బట్టలో తెలుగు చేతుల పని ఉంది. ముంబైలోని కామాటిపురా ఒకప్పుడు తెలంగాణ నుంచి వెళ్లిన కామాటీ కూలీల వాడ. వీళ్ల ఉత్పత్తి విలువ మహారాష్ట్రది, వీళ్ల ముసలి తల్లిదండ్రుల పోషణ తెలంగాణ పల్లెలది.

అంతరాలు తగ్గించే ప్రయత్నాలు

ప్రాంతాల మధ్య డబ్బు పంపకం మీద తెలుగు నేలలో వివాదం పాతది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణలోనే ఖర్చు చేయాలంది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమ సమయంలో ఆ మిగులును కుమార్ లలిత్ కమిటీ 34.10 కోట్ల రూపాయలుగా, జస్టిస్ భార్గవ కమిటీ 28.34 కోట్లుగా లెక్క కట్టాయి. 2010లో ఏర్పడిన శ్రీకృష్ణ కమిటీ హైదరాబాద్‌ను కలిపి ఒకలా, తీసేసి మరోలా తెలంగాణ ఆదాయాన్ని పరిశీలించింది. ఈ ఒక్క నగరం కలిస్తే ప్రాంతం మొత్తం రూపమే మారుతుందన్న సంగతి అప్పుడే అధికారికంగా నమోదైంది.

2006-07లో కేంద్రం 250 జిల్లాలతో మొదలుపెట్టిన వెనుకబడిన ప్రాంతాల నిధిలో హైదరాబాద్ తప్ప మిగతా తొమ్మిది తెలంగాణ జిల్లాలూ చేరాయి. విభజన తర్వాత అదే తొమ్మిది జిల్లాలకు ఏటా 450 కోట్ల ప్రత్యేక సాయం అన్నారు. జిల్లాకు 50 కోట్లు చొప్పున పంచిన ఆ లెక్కలో పాత రంగారెడ్డికీ పాత మహబూబ్‌నగర్‌కూ తేడా లేకపోయింది. మాదాపూర్ ఉన్న జిల్లాకూ, నారాయణపేట వైపు మద్దూరు ఉన్న జిల్లాకూ సమానంగా వెనుకబాటు సాయం ఇవ్వడం జిల్లాల మధ్య తేడాను చూడనందువల్ల వచ్చిన లోపమే.

ఇతర చోట్ల

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే అనుభవం. 2022 ఏప్రిల్ 4న 26 జిల్లాలు ఏర్పడినప్పుడు, ఓడరేవు, ఉక్కు, నౌకానిర్మాణమున్న విశాఖపట్నం ఒక జిల్లాగా, పాడేరు ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాగా వేరయ్యాయి. గోదావరి డెల్టా నడుమ ఉన్నా కేంద్రపాలిత పుదుచ్చేరికి చెందిన యానాం మరో రకం ఉదాహరణ. పాలన దూరపు పుదుచ్చేరిది, సంత, చదువు, వైద్యం చుట్టూ ఉన్న ఆంధ్ర పట్టణాలవి. 2012 జనవరిలో జరిగిన హింస తర్వాత అక్కడి పెద్ద సెరామిక్ కార్ఖానా మూతపడటంతో చిన్న ప్రాంతం ఒకే పరిశ్రమ మీద ఆధారపడితే ఏమవుతుందో తెలిసొచ్చింది.

అమెరికాలో తలసరి ఉత్పత్తి పట్టికలో రాజధాని వాషింగ్టన్ అన్ని రాష్ట్రాల కంటే ఎంతో పైన ఉంటుంది. పొరుగున ఉన్న వర్జీనియా, మేరీల్యాండ్‌ల నుంచి రోజూ వచ్చి పని చేసేవారి ఉత్పత్తి రాజధానికి చేరడమే కారణం. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ కార్ఖానా ఉన్న వోల్ఫ్స్‌బుర్గ్ పట్టణానిదీ ఇదే తీరు. అమెరికా పాలనలోని ప్యూర్టో రికో దీవిలో మందుల తయారీ భారీగా ఉన్నా, లాభాలు బయటి కంపెనీలకు పోవడంతో దీవి వాసులకు మిగిలే ఆదాయం దీవి ఉత్పత్తి కంటే చాలా తక్కువ. అక్కడి కుటుంబాల ఆదాయం అమెరికాలోని ఏ రాష్ట్రం కంటే కూడా తక్కువే.

లెక్కలో జారిపోయేవి

2011 తర్వాత జనగణన జరగకపోవడంతో తలసరి లెక్కకు జనాభా అంచనాలే ఆధారమయ్యాయి. ఈ పదిహేనేళ్లలో రంగారెడ్డి శివార్లకు లక్షలాది మంది తరలివచ్చారు. పాత అంకెల మీద వేసిన అంచనా వాళ్లందరినీ పట్టుకోకపోతే అక్కడి తలసరి ఆదాయం ఉన్నదానికన్నా ఎక్కువగా, మనుషులు వెళ్లిపోయిన మండలాల్లో తక్కువగా కనిపిస్తుంది.

కాలుష్యం రెండో విషయం. హైదరాబాద్ పరిశ్రమల, ఇళ్ల మురుగు మూసీలో కలిసి దిగువన భువనగిరి, వలిగొండ, రామన్నపేట పొలాలకు చేరుతుంది. ఆ నీళ్లతో వరి పండుతుంది, అది ఉత్పత్తిగా నమోదవుతుంది. చెడిపోయిన బావి, దురదపెట్టే నీళ్లు, తగ్గిన చేపలు ఏ ఖాతాలోనూ ఖర్చుగా రాయరు. నగరం పెంచుకున్న ఉత్పత్తికి అయిన ఖర్చులో కొంత భాగం దిగువ రైతు భరిస్తున్నాడు. భూమి ధర మూడోది. ప్రాంతీయ రింగు రోడ్డు పేరు వినగానే భువనగిరి, చౌటుప్పల్ వైపు ఎకరం ధర పెరిగింది. చేతులు మారిన భూమి ధర కొత్తగా తయారైన సరుకు కాదు, దానివల్ల ఊళ్లో ఒక్క స్థిరమైన ఉద్యోగమూ పుట్టదు.

ఈ లోటును సరిదిద్దడానికి అవసరమైన పనులు తెలియనివేమీ కావు. జిల్లా సగటుతో ఆగకుండా మండల స్థాయిలో ఉత్పత్తి, ఉపాధి, వలస వివరాలను ఏటా ప్రకటించాలి. నిధులు ఆ వివరాలను బట్టే పంచాలి. మొదలైన కాలువలను పూర్తి చేయాలి. పండిన చోటే జిన్నింగ్, పప్పు మిల్లు, పాల శీతలీకరణ, శీతల గిడ్డంగులు రావాలి, వాటిలో రైతుల సహకార సంఘాలకు వాటా ఉండాలి. రాష్ట్రం ముందుకు వెళ్లిందా లేదా అన్నది గచ్చిబౌలి భవనాల ఎత్తును బట్టి తేల్చడం సరికాదు. మోత్కూర్, మద్దూరు, మర్రిగూడ వంటి మండలాల్లో పని చేసే మనిషి ఏడాది రాబడి ఎంత పెరిగిందన్నదే అసలు కొలత, ఆ అంకెను ప్రజల ముందు పెట్టాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.